బామ్మర్ది ఇచ్చిన కాంటా

ఫైనల్లో మా అమ్మాయే గెలిచింది. ఆ మాట ముందే చెప్పేస్తే నాకూ హాయి, మీకూ హాయి. ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు మావైపు, ఇద్దరు అటువైపు. చంద్రపూర్‌లో టీ బండి దగ్గర నిలబడిన ఎవర్నడిగినా ఆ మూడు రౌండ్లూ చేతులూపుతూ చెబుతారు. వాళ్ళు చెప్పలేనిది ఆ రోజు పొద్దుటి సంగతి. అది నాకూ మా అమ్మాయికీ, కోచ్ సారుకూ, ఇంకో పిల్లకూ మాత్రమే తెలుసు. ఫోనులో తిట్లు తిన్నాడు కాబట్టి మా బామ్మర్దికి కూడా కొంత తెలుసు.

ఆ బాక్సింగ్ పోటీకి వారం ముందు నుంచే బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. ఇటు మా అమ్మాయి, అటు మాజ్రి ఊరి అమ్మాయి, ఇద్దరూ పిడికిళ్ళు బిగించి ఒకరినొకరు కొరికేసేలా చూసుకుంటున్నారు. ఇద్దరిదీ యాభై కిలోల తరగతి. ఇద్దరూ బొగ్గు గనుల ఇళ్ళలో పుట్టినవాళ్ళే. నిరుడు ఛాంపియన్ మా పిల్ల, అంతకు ముందటేడు ఆ పిల్ల. ఈసారి గెలిచిన వాళ్ళు మహారాష్ట్ర జట్టులోకి పోతారు. కాబట్టి ఊరు రెండుగా చీలింది.

నేను గనిలో లారీలు తూచే కాంటా దగ్గర పనిచేస్తాను. ఆ వారమంతా ఒక్క డ్రైవరూ నోరు మూసుకుని కాంటా దిగలేదు. మాజ్రి వైపు వాడైతే కిటికీలోంచి తల బయటపెట్టి, "కాకా, ఈసారి మీ పోరికి ఎన్ని కుట్లు వేయించాలె?" అనేవాడు. "కుట్లేసే డాక్టరును మీ ఊర్లెనే ఉంచుకోండ్రి, పని పడ్తది" అని నేనూ తగ్గకుండా అనేవాణ్ణి. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. కానీ కుట్లు అన్న మాట విన్నాక ఆ లారీ అంకెను రెండుసార్లు చదవాల్సి వచ్చేది.

ఎందుకంటే నిరుడు ఫైనల్లో మా అమ్మాయి ఎడమ కనుబొమ్మ చిట్లి ఐదు కుట్లు పడ్డాయి. ఆ దెబ్బ తగిలినప్పుడు నేను హాల్లో లేను. సైకిల్ స్టాండు దగ్గర నిలబడి, ఎవరూ చేయని ఫోను చెవిలో పెట్టుకుని మాట్లాడుతున్నట్టు నటిస్తున్నాను. ఆ ఒక్కసారే కాదు, నా కూతురు ఆడిన ఒక్క ఆటా నేను చూడలేదు. గంట కొట్టేలోపు నాకు ఏదో పని గుర్తొస్తుంది. మా ఆవిడ మాత్రం ముందు వరుసలో కూర్చుని గొంతు పోయేదాకా అరుస్తుంది. ఊళ్ళో అందరూ నన్ను బాక్సర్ బాపు అంటారు. ఆ బాపు ఆట మొదలయ్యేసరికి సైకిల్ స్టాండులో ఉంటాడని నేనెక్కడా చెప్పలేదు.

ఇక కాంటా సంగతి. ఆట రోజు పొద్దున బరువు చూస్తారు. యాభై కిలోల మీద ఒక్క వంద గ్రాములున్నా రింగు ఎక్కనివ్వరు, అవతలివాళ్ళు గెలిచినట్టే. క్లబ్బులో ఉన్న బరువు మిషను ముల్లు గాలికి కూడా ఊగుతుంది. ఇంట్లో ఒక మంచి కాంటా ఉంటే రోజూ చూసుకోవచ్చని మా ఆవిడ తన తమ్ముడి చెవిలో వేసింది. అతను గోండ్‌పిప్రిలో రైతుల దగ్గర ఒడ్లు కొంటాడు. మర్నాడే ఒక కరెంటు కాంటాను గోనెసంచిలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని మరీ తెచ్చాడు. "మా కోడలు పిల్లకు గీ మాత్రం చేయకపోతే ఇంక మేనమామ ఎందుకు బావా" అన్నాడు. ఆ మాటకు మా ఆవిడ మొహం వెలిగిపోయింది. ఆ పూట కోడికూర వండింది.

మా డ్యూటీలో ఒక పద్ధతి ఉంది. షిఫ్టు మొదట్లో తెలిసిన బరువు పెట్టి కాంటాను పరీక్షించనిదే మొదటి లారీని ఎక్కనివ్వం. ఇరవై ఆరేళ్ళుగా చేస్తున్న పని. అలవాటు కొద్దీ నేను బామ్మర్ది కాంటా మీద కూడా సీలు విప్పని పది కిలోల బియ్యం సంచి పెట్టబోయాను. మా ఆవిడ గుమ్మంలోంచి చూసింది.

"ఏందది?"

"ఊకెనే. సరిగ్గ జూపిస్తుందా లేదా అని."

"మా తమ్ముడు మోసుకొచ్చిన కాంటాకు పరీక్ష పెడ్తున్నవా? ఆడు తిని చెయ్యి గూడ కడుక్కోలే!"

ఆ బామ్మర్ది పెరట్లో చేతులు కడుక్కుంటూనే ఉన్నాడు. నేను బియ్యం సంచిని తిరిగి మూలన పెట్టేశాను. అత్తగారింటి నుంచి వచ్చిన బంగారాన్ని గీటురాయి మీద రాసి చూస్తామా? కాంటా మాత్రం ఎట్లా చూస్తాం. ఖాళీగా ఉన్నప్పుడు అది బుద్ధిగా సున్నా చూపించేది. అది చాలనుకున్నాను.

అప్పట్నుంచి రోజూ పొద్దున మా అమ్మాయి కాంటా ఎక్కడం, నేను డ్యూటీలో లారీ బరువు చదివినట్టు గట్టిగా చదవడం. ఫైనల్ ముందురోజు సాయంత్రం నలభై తొమ్మిది కిలోల ఏడు వందలు. ఆ అంకె చూసి నాకు ఛాతీ ఉబ్బింది. "మూడు వందల గ్రాములు మన చేతిల ఉన్నయి. ఇంకో రొట్టె తిను, రేపు బలం గావాలె" అన్నాను. పిల్ల వద్దంది. నేను వినలేదు. జొన్నరొట్టె, పప్పు నేనే వడ్డించాను.

మర్నాడు ఏడు దాటేసరికి ఇద్దరం స్కూటర్ మీద స్టేడియానికి చేరాం. అసలు తూకం ఎనిమిది నుంచి తొమ్మిది దాకా, ఆడపిల్లలకు వేరే గదిలో తలుపేసి చూస్తారు. అక్కడ ఎక్కే అవకాశం ఒక్కసారే. ముందుగా సరిచూసుకోవడానికి వరండాలో ఇంకో మిషను పెట్టారు. మా అమ్మాయి చెప్పులు విడిచి, ఏదో గుడి మెట్టు ఎక్కినంత నిమ్మళంగా దాని మీదికి ఎక్కింది.

యాభై కిలోల ఐదు వందలు.

దిగింది. చెవి కమ్మలు తీసి నా చేతిలో పెట్టి మళ్ళీ ఎక్కింది. యాభై కిలోల ఐదు వందలు.

ఇక్కడ నేను దాచకుండా చెప్పాలి. ఆ అంకె చూడగానే నాకు ముందు కలిగింది కోపం కాదు, బాధ కాదు. ఊరట. ఇంక ఆట లేదు. సాయంత్రం నా బిడ్డ మొహం మీద ఎవరూ గుద్దరు. స్కూటర్ తిప్పుకుని ఇంటికి పోవచ్చు. తప్పు కాంటాదే కాబట్టి ఎవరూ నన్నూ అనరు, పిల్లనూ అనరు. రెండు మూడు క్షణాలు నాకు అంత హాయిగా ఉంది. ఆ తర్వాత తల ఎత్తితే మా అమ్మాయి నా మొహం కేసే చూస్తోంది. అప్పుడు నాకు సిగ్గు పుట్టింది. ఆ సిగ్గునంతా తీసుకెళ్ళి బామ్మర్ది నెత్తిన పోశాను.

"నీ కాంటా పాడుగాను! అయిదు వందలు ఎక్కువుంది పిల్ల!" అని ఫోనులో అరిచాను.

అతను నెమ్మదిగానే అన్నాడు. "అది ఒడ్ల కాంటా గదా బావా. తరుగు అండ్లనే పెట్టి ఉంటది, బరువు ఎక్కినంకనే కోసుకుంటది. గోనెసంచి బరువు, తడి బరువు అన్ని పోను జూపిస్తది. నా దగ్గరికొచ్చేటోళ్ళందరికీ ఎర్కే. నీకు తెల్వదా? నువ్వు కాంటా మీదనే పని జేస్తవ్ గదా!"

ఫోను పెట్టేశాను. నా కూతుర్ని మూడు వారాలుగా తడి ఒడ్ల బస్తా లెక్కన జోకుతున్నాను. లోకంలో ఇంకెవరు చేసినా నవ్వి ఊరుకునేవాణ్ణి. ఇరవై ఆరేళ్ళ కాంటా మనిషిని నేను చేశాను. దాని మీద ఒక రొట్టె కూడా ఎక్కువ తినిపించాను.

కోచ్ సారు వచ్చి అంకె చూసి, గడియారం చూసి, ఒక్క మాటే అన్నాడు. "ఉరుకు." మా అమ్మాయి స్వెట్టర్ కోసం బ్యాగు వెతుకుతుంటే, వరండా చివర తూకానికి సిద్ధంగా కూర్చున్న మాజ్రి అమ్మాయి లేచి వచ్చింది. చెమట పట్టించే ప్లాస్టిక్ కోటు ఒకటి తన సంచిలోంచి తీసి మా పిల్ల ఒళ్ళోకి విసిరింది. "ఘే. మలా తూ రింగ్‌మధ్యే పాహిజేస్" అంది మరాఠీలో. తీసుకో, నువ్వు నాకు రింగులోనే కావాలి అని. మొహంలో నవ్వు లేదు, జాలి లేదు. ఊరికే కూర్చుంటే గెలిచే పిల్ల అది. నేనింకా చేతిలో కమ్మలు పట్టుకుని నిలబడే ఉన్నాను.

ఆ కోటు చూశాక నాకు కదలిక వచ్చింది. మైదానం చుట్టూ మా అమ్మాయి పరుగెత్తుతుంటే వెనక నేనూ పరుగెత్తాను. చంద్రపూర్ ఎండకు ఎనిమిది గంటలంటే లెక్కేముంది, అప్పటికే నేల కాలుతోంది. రెండో చుట్టుకు నా బొజ్జ నా మాట వినలేదు, పక్కన నిలబడి టైము చెబుతూ ఉండిపోయాను. తాడు ఆడింది. మళ్ళీ ఉరికింది. చింతపండు చప్పరించి నోట్లో ఊరిన నీళ్ళన్నీ ఉమ్మేసింది. నీళ్ళ సీసా నా చేతిలోనే ఉంది, ఒక్కసారి కూడా దానికేసి చూడలేదు. నాకే గొంతెండిపోయింది కానీ ఆ సీసాలో నీళ్ళు నేనెట్లా తాగుతాను.

ఎనిమిదిన్నరకు యాభై కిలోల రెండు వందలు. పావు తక్కువ తొమ్మిదికి వంద. ఇంకో అయిదు నిమిషాలు తాడు ఆడి, కోటు విప్పి, ఒళ్ళు తుడుచుకుని, తిన్నగా తూకం గదిలోకి పోయింది. లోపల ఆడ ఆఫీసర్లు తలుపేసుకున్నారు. అప్పుడు నేను మొక్కని దేవుడు లేడు. విచిత్రమేమంటే, గంట కిందట నాకు హాయినిచ్చిన ఆ అంకె ఇప్పుడు మళ్ళీ వస్తుందేమోనని చచ్చేంత భయపడుతున్నాను.

తలుపు తెరుచుకుంది. మా అమ్మాయి గోడ పట్టుకుని బయటికి వచ్చి, "నలభై తొమ్మిది కిలోల తొమ్మిది వందలు" అంది. నేను నేల మీద కూలబడిపోయాను. అది కూడా ఊరటే, కానీ పొద్దున వచ్చినది కాదు. ఈసారి దాచుకోవలసిన పనిలేదు. పక్కన ఎవరున్నారో చూడకుండా ఏడ్చాను. లోపలికి పోబోతున్న మాజ్రి అమ్మాయి ఆగి నన్ను వింతగా చూసి, కోటు తీసుకుని పోయింది.

తర్వాత మెట్ల మీద కూర్చుని మా అమ్మాయి కొంచెం కొంచెంగా నీళ్ళు తాగింది. నేను బండి మీద నుంచి అటుకుల పోహా తెచ్చిచ్చాను. కాసేపటికి పిల్ల మొహంలోకి రంగు వచ్చింది.

"బాపు, ఒకటి అడుగుత. పొద్దున కాంటా మీద ఎక్కువ జూపిస్తే నువ్వు సంబురపడ్డవ్ గదా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఎడమ కనుబొమ్మ మీది మచ్చ చూస్తే బయటికి రాలేదు. "అవు బిడ్డా" అన్నాను. ఇంకో మాట కూడా అప్పుడే అర్థమైంది, అదీ చెప్పేశాను. "ఆ కాంటాను పరీక్ష జేయకపోయింది మీ అమ్మకు భయపడి ఒక్కటే కాదేమో. నాకెక్కడనో నువ్వు ఆడకుంటెనే మంచిగుండు అని ఉంది."

తిడుతుందనుకున్నాను. చెంచాతో పోహా అటూ ఇటూ కదిపింది.

"నాకు గూడ" అంది.

"ఏంది?"

"నాకు గూడ సంబురమే అయింది బాపు. ఒక్క క్షణం. ఇంటికి పోవచ్చు, పండుకోవచ్చు అనిపించింది. ఆ మాజ్రి పోరి నన్ను మస్తు కొడ్తది, నీకెర్కలే, నువ్వెన్నడు జూస్తివి." ముక్కు తుడుచుకుంది. "నీ మొఖం జూసి, నాకొక్కదానికే కాదు భయం అనుకున్న. అందుకే ఉరికిన."

నాలుగేళ్ళుగా మా పిల్లకు భయమంటే తెలియదని లారీ డ్రైవర్లందరికీ చెప్పుకుంటూ తిరిగాను. అది విని విని, తనకున్న భయాన్ని నా దగ్గర ఎక్కడ పెట్టుకోవాలో ఆ పిల్లకు తెలియలేదు. నేనేమో నాది సైకిల్ స్టాండులో దాచుకుంటూ వచ్చాను.

"ఇగో, చెప్తున్న" అంది, లేచి నిలబడి చెయ్యి చాపి. చెవి కమ్మలు ఇంకా నా గుప్పిట్లోనే ఉన్నాయి. ఇవ్వబోతే నా వేళ్ళు మళ్ళీ మూసేసింది. "ఉంచు. ఆట అయినంక తీసుకుంట. కమ్మలు నీ దగ్గరుంటయి గాబట్టి నువ్వు బయటికి పోవద్దు."

సాయంత్రం హాలు కిక్కిరిసిపోయింది. మా ఆవిడ ముందు వరుసలో నా పక్కనే కూర్చుని, నా వైపు అనుమానంగా చూస్తోంది. అవతల వైపు బామ్మర్ది, నాకు మొహం చూపించలేక చేతిరుమాలు అడ్డం పెట్టుకుని ఉన్నాడు. ఇద్దరు పిల్లలూ రింగు మధ్యకు వచ్చి గ్లవ్స్ తాకించుకున్నారు. ఎప్పుడూ నాకు పని గుర్తొచ్చే సమయం అది. జేబులో ఫోను కూడా ఉంది.

"పోవా?" అంది మా ఆవిడ.

"పోను" అన్నాను. గుప్పిట్లో కమ్మలు గుచ్చుకుంటున్నాయి. గంట కొట్టారు.