కీ రాని శుక్రవారం

చెన్నై చూలైలోని మా థియేటర్ కరోనా తర్వాత మళ్ళీ తెరిచాక వరసగా మూడు సినిమాలు ఖాళీ కుర్చీలకే వేశాను. నేను ప్రొజెక్టర్ ఆపరేటర్ని. జనం ఇంట్లో కూర్చుని ఫోన్లో సినిమా చూడటానికి అలవాటుపడిపోయారు. భర్త పోయాక హాలు నడుపుతున్న మా యజమానురాలు ఒక సోమవారం నన్ను పిలిచింది.

"జార్జి టౌన్ ఆయన ఒకరు వచ్చి హాలంతా కొలుచుకోని పోయినాడయ్యా. గోడౌనుకంట. ఈ శుక్రవారం పడం కూడా ఆడకపోతే ఇంక నా చేత కాదు."

శుక్రవారం ఆ కొత్త సినిమా పదకొండు గంటల ఆటకి హాలు బాల్కనీతో సహా నిండిపోయింది. పైన ప్రొజెక్టర్ గదిలో మాత్రం మెషీన్ సినిమాని తెరవడం లేదు.

ఇప్పుడు సినిమా రీళ్ళలో రాదు, తాళం వేసిన డిస్కులో వస్తుంది. తాళం తీసే కోడ్‌ని డిస్ట్రిబ్యూటర్ ఆఫీసు మెయిల్లో పంపుతుంది. దాన్నే కీ అంటాం. ఏ మెషీన్ కీ ఆ మెషీన్‌కే పనిచేస్తుంది. హాలు మూసి ఉన్నప్పుడు ఎలుకలు వైర్లు కొరికి పాత మెషీన్ పాడైతే, వేరేది పెట్టాం. దాని నంబరు అన్ని ఆఫీసులకూ పంపాల్సింది నేనే. ఈ సినిమా ఆఫీసుకి పంపడం మరిచాను. ఆటకి పది నిమిషాల ముందు వచ్చిన కీ పాత మెషీన్‌ది.

ఆఫీసుకి ఫోన్ చేస్తే ఎంగేజ్. కింద ఈలలు ఆగి, కుర్చీలు బాదడం మొదలైంది. యజమానురాలు మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"ఏమైందయ్యా? ఆడ అరస్తా ఉండారు."

ఆఫీసు వాళ్ళ మీద తోసేయొచ్చు. నోరు రాలేదు.

"తప్పు నాదేనమ్మా. కొత్త నంబరు పంపలేదు."

"ఎంతసేపు పడతాది?"

"ఆళ్ళు ఫోనెత్తితే అరగంట."

ఆమె దిగి వెళ్ళింది. గోడకున్న చిన్న అద్దపు కిటికీలోంచి చూస్తే తెర ముందు నిలబడి ఉంది. ఏ రోజూ జనం ముందుకు రాని మనిషి. ముందు అరవంలో, తర్వాత తెలుగులో చెప్పింది.

"తప్పు మాదే. అరగంట ఓర్చుకోండి. పోవాలనుకున్నోళ్ళకి టికెట్ దుడ్డు తిరిగి ఇస్తారు."

ఎవరో నీళ్ళ బాటిల్ విసిరారు. అది ఆమె కాళ్ళ దగ్గర పడింది. ఆమె కదల్లేదు. కొందరు లేచిపోయారు. మరికొందరు, "పెద్దావిడ నిలబడి ఉంది, కూచోండయ్యా" అని వాళ్ళనే కసిరారు.

ఏడోసారికి ఫోన్ ఎత్తారు. కొత్త మెషీన్ నంబరు చెప్పాను. వాళ్ళు రెండుసార్లు చెప్పించుకున్నారు. పన్నెండుకి ఐదు నిమిషాలుండగా కొత్త కీ వచ్చింది. మీట నొక్కాను. వెలుగు వెళ్ళి, ఇంకా తెర ముందే నిలబడి ఉన్న ఆమె ముఖం మీద సూటిగా పడింది. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని మెల్లగా పక్కకి తప్పుకుంది. హాలు హోరెత్తిపోయింది.

ఆమె నా తప్పు మాట మళ్ళీ ఎత్తలేదు. నాలుగు మాటలు తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. సినిమా నాలుగు వారాలు ఆడింది. గోడౌన్ ఆయన ఫోన్ చేస్తే నా ముందే, "దీపావళి దాకా ఆగండి, చూస్తాం" అంది.

దీపావళి వెళ్ళిపోయింది, నేనింకా ఇక్కడే సినిమాలు వేస్తున్నాను. ఆయన మళ్ళీ ఫోన్ చేశాడో లేదో నేను అడగలేదు.