చేను మారిన యూరియా బోర్డు

గ్రామసేవకుడిగా నాకు ఇలాంటి రోజు ఎప్పుడూ రాలేదు. కారేపల్లి దాటాక అడవి అంచున ముత్తయ్య జొన్నచేను చూడటానికి ఈ రోజు మా ఆఫీసరు జీపులో వచ్చారు. సబ్సిడీ యూరియా వేసిన చేనని బోర్డు నేనే పాతాను. జొన్న నిలువెత్తు పెరిగింది. ఆఫీసరు మురిసిపోయి, వచ్చే ఏడాది ముత్తయ్యకు ఇంకో రెండు బస్తాలు ఇవ్వాలని రిపోర్టులో రాయమన్నారు.

కానీ నేను బోర్డు పాతింది ఇక్కడ కాదు, బాట పక్కనున్న ముత్తయ్య ఇంకో చేలో! జీపు కదలగానే ముత్తయ్యను నిలదీశాను.

"యూరియా ఏసినంక వాన పడలే సారూ, గా చేను మాడింది. పెద్దసారు వస్తుండంటే మంచి చేను చూపియ్యద్దా? అందుకే బోర్డు తెచ్చి ఈడ పాతిన. ఈడ యూరియా ఎయ్యలే, ఎరువు కోసం రాత్రుళ్లు గొర్రెల మంద పెట్టించిన."

"మరి అక్కడెందుకు పెట్టించలేదు?"

"సబ్సిడీల యూరియా అగ్గువకొచ్చె గద! మంద పెడితే గొల్లాయనకు గింజలియ్యాలె." మళ్లీ తనే అడిగాడు: "గా రెండు బస్తాలకు బదులు మందకే సబ్సిడీ ఇయ్యరా సారూ?"

రిపోర్టు కాగితం ఇంకా తెల్లగానే ఉంది. మీరైతే ఏ చేను గురించి రాస్తారు?