రెండో దిక్కు నుంచి తీసిన ఫోటో

ఎక్స్‌రే సార్ పోయారన్న కబురు వాళ్ళ చర్చివాళ్ళు పంపిన మెసేజీగా వచ్చింది. "ప్రభువునందు నిద్రించారు" అని రాసి, సమాధి కార్యక్రమం ఎన్ని గంటలకో కింద వేశారు. అప్పుడు నేను మా సిమెంటు ఇటుకల యూనిట్లో లోడు ఎత్తిస్తున్నాను. లారీని పంపించి, చేతులు కడుక్కుని వెళ్ళాను. యూనిట్ పక్క ఇల్లే ఆయనది. మీలో ఎవరికీ ఆయన తెలిసుండరు. ఆసుపత్రి చీకటి గదిలో ఉద్యోగమంతా ఎక్స్‌రేలు తీసి, రిటైరయ్యాక కల్లూరులో ఇల్లు కట్టుకున్న మనిషి.

మా పరిచయం తగాదాతో మొదలైంది. ఒకరోజు పొద్దున్నే యూనిట్ ముందు నిలబడి, "ఏమప్పా, నీ సిమెంటు దుమ్మంతా వచ్చి నా అద్దం మీద పడతాండాది" అన్నారు. తుడుచుకోమన్నాను. "అది గుడ్డతో తుడిచే అద్దం గాదప్పా. రా, చూపిస్తా" అని మిద్దె మీదికి తీసుకుపోయారు. అక్కడ కడప బండకు బోల్టులు బిగించి నిలబెట్టిన ఆరంగుళాల టెలిస్కోపు ఉంది. దాని గొట్టం అడుగున ఉన్నదే ఆ అద్దం. గొట్టానికి తగిలించిన కెమెరా, పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్ వాడి వాడి వదిలేసినది.

ఆ కెమెరాను ఆయన విప్పి, లోపల పరారుణ కాంతిని ఆపే చిన్న గాజుపలకను తీసేశారు. దాని ముందు ఇంకో గాజుబిళ్ళ బిగించారు. అందులోంచి చూస్తే మన కంటికి మధ్యాహ్నం కూడా నలుపే. కెమెరాకు మాత్రం పరారుణం ఒక్కటే అందుతుంది. ఆకాశంలో నీహారికలంటే దుమ్మూ వాయువూ కలిసిన మబ్బులని, మామూలు వెలుగు ఆ దుమ్ము దగ్గరే ఆగిపోతుందని, పరారుణం కొంత దూరి బయటికి వస్తుందని చెప్పారు. "పైన ఉండే దుమ్ముతోనే నాకు శానా కష్టంగా ఉండాది. దానికి నీదొకటి" అన్నారు. మర్నాటి నుంచి యూనిట్లో సాయంత్రాలు నీళ్ళు చల్లించాను. భయపడి కాదు, ముచ్చటేసి.

ఆయనా తన మిద్దె మీద బకెట్లకొద్దీ నీళ్ళు పోసేవారు. పగలంతా కాగిన మిద్దె చీకటి పడ్డాక కూడా సెగలు కక్కుతుంటే ఫోటోలో చుక్కలు వణుకుతాయట. "ట్యాంకు నీళ్ళన్నీ ఆ గొట్టానికే పోస్తాండారు, నేను అంట్లు దేంతో తోముకోవల్ల?" అని కింది నుంచి ఆయన భార్య కేకేసేది. ఈయన ఇంకో బకెట్ నింపుకునేవారు.

ఆయన ఫోటోలు అందంగా ఉండవు. ఆ మాట ఆయనతోనే అన్నాను. ఫోన్లో కనిపించే నీహారికలు ఎర్రగా నీలంగా మెరిసిపోతుంటే, ఈయనవి నలుపూ తెలుపూ. మబ్బు మాయమై చుక్కలే మిగిలేవి. రంగులేయండి సార్ అంటే, "విరిగిన ఎముకకు రంగేస్తారా?" అన్నారు. సగం సేపు టెలిస్కోపుకు మూత పెట్టి తీసేవారు. వేడెక్కిన కెమెరా లేని చుక్కల్ని కూడా పుట్టిస్తుందట. "దీని అబద్ధాలేవో ముందు తెలుసుకోవల్ల గదప్పా" అనేవారు.

మూతకు చిక్కని అబద్ధాల కోసం ఆసుపత్రి నుంచి తెచ్చుకున్న నియమం ఒకటుండేది. "ఒక్క ఫిల్మ్ చూసి విరిగిందనగూడదు. రెండు దిక్కుల నుంచి తియ్యల్ల." ఆకాశానికీ అదే లెక్క. ఒకరోజు తీశాక, ఇంకోరోజు కెమెరాను చుట్టులో ఎనిమిదో వంతు తిప్పి మళ్ళీ తీసేవారు. నిజమైన చుక్క అయితే ఫోటోలో చోటు మారుతుంది. కెమెరా పుట్టించినదైతే ఉన్నచోటే ఉంటుంది. రెండో ఫోటోను వెనక్కి అంతే తిప్పి మొదటిదాని మీద పెడితే, కలిసిన చుక్కకే పెన్సిల్‌తో సున్నా చుట్టేవారు.

చలికాలం రాత్రుల్లో మూడు చుక్కలు వరసగా కనిపించే గొల్లకావడిలో, ఒక చివరి పెద్ద చుక్క పక్కన చిన్న నీహారిక ఉంది, నడుమ నల్లటి దుమ్ము చారతో. ఆ చార వెనక చుక్కల గుంపు దాగి ఉందని పెద్ద టెలిస్కోపులు ఎప్పుడో చూసేశాయి. ఆయన తన గొట్టంతో చూడాలనుకున్నారు. పోయిన చలికాలం తీసిన ఫోటోలో ఆ చారలో తొమ్మిది చుక్కలు తేలాయి. ఫోన్లో బొమ్మతో పోల్చుకోవచ్చు గదా అన్నాను. "రోగిని పక్కన పెట్టి, పుస్తకం చూసి రిపోర్టు రాస్తారా?" అని కోప్పడ్డారు. రెండో ఫోటో తీసేలోపు ఆయన ఆసుపత్రిలో పడ్డారు. ఈసారి రోగిగా.

"నువ్వు తియ్యప్పా, నేర్చినావు గదా" అన్నారు. టెలిస్కోపును వేంపల్లె దగ్గర మా అక్కోళ్ళ చీనీ తోటకు, అదే బత్తాయి తోటకు, తీసుకుపోయాను. మా కల్లూరులో వీధి దీపాలెక్కువ. అన్నీ సరిగ్గా చేశాను, కెమెరా తిప్పడం తప్ప. మర్చిపోయానన్న సంగతి కూడా నాకు తెలియలేదు. ల్యాప్‌టాప్ మంచం దగ్గరికి తీసుకుపోయి, "తొమ్మిదీ ఉండాయి సార్" అన్నాను.

ఆయన తెరను దగ్గరికి లాక్కుని చూశారు. "శానా బాగొచ్చిందప్పా" అన్నారు. ఒక కాపీ ప్రింటు తీసి ఇమ్మన్నారు. పదిరోజులకు పోయారు.

జ్ఞాపకార్థ కూడిక అయిన సాయంత్రం ఆయన భార్య ఆ ప్రింటు నా చేతికిచ్చింది. ఒక్క సున్నా కూడా చుట్టలేదు. వెనక పెన్సిల్‌తో, "ఒకటే దిక్కు. ఇంకొకటి కావాలి" అని ఉంది. తిప్పి చూస్తే అర్థమైంది. నీహారిక పక్కనున్న ఆ పెద్ద చుక్క చుట్టూ, వెలుగు చిమ్మినట్టు టెలిస్కోపు వేసే నాలుగు గీతలు మొదటి ఫోటోలో ఎలా ఉన్నాయో ఇందులోనూ అలాగే ఉన్నాయి. కెమెరా తిప్పి ఉంటే అవి కూడా తిరగాలి. ఆయన చూడగానే పట్టేశారన్నమాట. నన్ను చిన్నబుచ్చడం ఇష్టంలేక ఊరుకున్నారు. నాకు సిగ్గేసింది. ఆయన పోయేలోగా ఇంకో పది రోజులున్నాయి, ఒక్క మాట అని ఉంటే మళ్ళీ తీసేవాణ్ణి గదా అని కోపమూ వచ్చింది. ఆ కోపం ఇంకా పూర్తిగా పోలేదు.

గొల్లకావడి పడమటికి వాలిపోయేలోగా మళ్ళీ చీనీ తోటకు పోయాను. పొద్దు గూకి చీకటి పడగానే, కెమెరా తిప్పి, తిప్పానో లేదో నాలుగుసార్లు చూసుకుని తీశాను.

నిన్న ఆ ఫోటోను ఆయన తీసినదాని మీద పెట్టి, తెర మీద మెల్లగా తిప్పుతూ వచ్చాను. ఆయన భార్య పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. పెద్ద చుక్క గీతలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. వాటితోపాటే చారలోని చుక్కలు ఏడు కలిశాయి. రెండు కలవలేదు. అవి కెమెరావి.

"ఎన్ని నిజమప్పా?" అంది.

"ఏడమ్మా."

ఆమె కళ్ళద్దాలు సర్దుకుని, తెర మీద వేలుతో ఒక్కొక్కటీ తాకుతూ తనే లెక్కపెట్టుకుంది. రెండు దొంగ చుక్కల దగ్గర వేలు పైకి లేచి, వాటిని దాటి, అవతల దిగింది.