ముల్లు తిప్పినా పోని పాట

మా మామ, అంటే అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, మా ఇంటికొస్తే రేడియో ఉన్న గదిలోకి వచ్చేవాడు కాదు. వరండాలోనే తిని, వరండాలోనే పడుకుని, పొద్దున్నే తన ఊరు కేతేపల్లికి బస్సెక్కేవాడు. ఎనభైలలో పట్నం పోయి రేడియోలో పాడటానికి పరీక్ష ఇచ్చాడు. వద్దన్నారు. ఎందుకు వద్దన్నారో చెప్పలేదు. ఆ రోజు నుంచి భజనకు పిలిచినా పోలేదు, పొలంలో కూనిరాగం కూడా తీయలేదు. ఆయన అలక రేడియో మీదో, తన గొంతు మీదో నాకు తెలియదు. అమ్మకు మాత్రం అదొక్కటే బెంగ. చచ్చేలోపు తమ్ముడి పాట మళ్లీ ఒక్కసారి ఎదురుగా వినాలని పండగ పండగకూ అనేది.

ఆమె దగ్గర ఒక క్యాసెట్ ఉండేది. పరీక్షకు ముందు, చిన్నమ్మ పెండ్లిలో మామ పాడిన తత్వాలు. పక్కింటి చాచా సౌదీ నుంచి తెచ్చిన టేప్‌రికార్డర్‌లో పట్టినవి. చెమ్మ తగలకుండా అమ్మ దాన్ని బియ్యం డబ్బాలో దాచేది. దాచడంలో ఉన్న జాగ్రత్త వినడంలో లేదు. వినీ వినీ రీలు సాగిపోయింది. ఒక చరణం దగ్గర గొంతు ఉన్నట్టుండి కిందికి జారేది.

తొంభైల చివర్లో నల్గొండలో మా ఇంటి ముందుగదిలో నేను కంప్యూటర్ పెట్టుకుని పెండ్లి పత్రికలు కొట్టేదాన్ని. రీలు తెగేలోపు పాటను అందులోకి ఎక్కించాలనుకున్నాను. అప్పటి కంప్యూటర్లలో జాగా ఎంతని? ఒక్క పాటకే నిండిపోయానని మొత్తుకుంది. పాత పత్రికలన్నీ తీసేశాను. అయిపోయిన పెండ్లిళ్లే కదా, నాకు పెద్ద బాధేమీ కలగలేదు. కరెంటు ఎప్పుడు పోతుందోనని మాత్రం పాట నడిచినంతసేపూ బల్బు వైపే చూస్తూ కూర్చున్నాను. కరెంటు పోలేదు, పాట ఎక్కింది. క్యాసెట్ రెండోపక్క తిప్పగానే రీలు పుటుక్కున తెగింది.

పాట వినమని పిలిస్తే అమ్మ కంప్యూటర్ ముందుకు రానంది.

"గది పనిజేసే మిషన్. పాట రేడియోల రావాలె."

మా రేడియో పాతది, పెద్దది. గ్రామఫోన్ తగిలించుకోవడానికి దాని వెనక రెండు బొక్కలుండేవి. ముందున్న ఒక మీటను అటు తిప్పితే స్టేషన్లన్నీ బంద్. ఆ బొక్కల్లోంచి వచ్చిందే వినిపిస్తుంది. చాచా వైరు, పిన్నులు ఇచ్చాడు. కంప్యూటర్ నుంచి వైరు లాగి, వెంటిలేటర్‌లోంచి దింపి, లోపలిగదిలో రేడియోకు కలిపాను. ముందుగదిలో నేను మౌస్ నొక్కితే లోపల రేడియోలో మామ పాడాడు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను ఏడవలేదు. వైరు కుదిరినందుకు సంతోషించాను.

కొన్నాళ్లకు కండ్ల దవాఖానలో చూపించుకోవడానికి మామ వచ్చాడు. అమ్మ కావాలనే వరండా అంతా నీళ్లు కొట్టి కడిగి, కూర్చోవడానికి జాగా లేదని ఆయనకు రేడియో పక్కన అన్నం పెట్టింది. నాకు సైగ చేసింది. నేను ముందుగదిలో పాట నొక్కి, వచ్చి గడప దగ్గర నిలబడ్డాను.

తింటున్న మామ దిగ్గున లేచాడు.

"నన్ను వద్దన్నోళ్లు నా పాట ఎట్ల ఏస్తరు? ఎవలిచ్చిండ్రు ఈళ్లకు?"

ఎడమ చేత్తో స్టేషన్లు మార్చే మరను తిప్పేశాడు. ముల్లు ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది. పాట పోలేదు. వెనక్కి తిప్పాడు. అక్కడా తనే పాడుతున్నాడు. ఎంగిలి చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

"అక్కా, అన్ని స్టేషన్లల్ల నేనేనా?"

అమ్మ నా వైపు చూసింది.

"స్టేషన్ గాదు మామా. నీ పాట కంప్యూటర్ల దాసిన. వైరు పెట్టి గిండ్లకు తెచ్చిన," అన్నాను.

తిడతాడనుకున్నాను. కూర్చున్నాడు. ఎవరో పాడుతుంటే విన్నట్టు తల వంచుకుని విన్నాడు. రీలు సాగిన చోటు వచ్చింది. గొంతు జారింది.

"గీడ. గీడ పడిపోయింది సూడు బిడ్డా," అన్నాడు. "పట్నంల గూడ గిట్లనే పాడిన గావొచ్చు. అందుకే వద్దన్నరు. నేనేమో గిన్నేండ్లు ఆళ్ల మీద కోపం వెట్టుకున్న."

ఆ తప్పు సాగిన రీలుదని, ఆయన గొంతుది కాదని చెప్పబోయాను. ఇంతలో మామ కళ్లు మూసుకుని ఆ చరణం అందుకున్నాడు. గొంతు బొంగురుగా వచ్చింది. మొదటిసారి మధ్యలోనే తెగింది. మళ్లీ ఎత్తుకుని, జారిన చోట జారకుండా నిలబెట్టాడు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను నోరు మూసుకున్నాను. రేడియోలో పాట అయిపోయింది. మామ ఆపలేదు.