బుక్కుకు ఎన్ని కట్టలు?

మా చిన్నప్పుడు... బుక్కు ఎంత పెద్దగున్నదో చెప్పాల్నంటె పేజీలు ఎవరు చెప్తుండిరి? మా ఇంట్ల కట్టలు చెప్తుంటిమి. అవును, బీడీల కట్టలు!

హుస్నాబాద్ దిక్కు చిన్న ఊరు మాది. పొద్దుగాల్ల వంట అయిందంటె సాలు... మా అవ్వ, అంటె మా అమ్మ, ఒళ్ల చాట పెట్టుకొని అరుగు మీద కూసుండేది. పక్కింటి ఖాజాబీ ఖాలా తన చాట పట్టుకొని వచ్చేది. తునికాకు కత్తిరించుడు, తంబాకు పోసుడు, చుట్టుడు, దారం కట్టుడు... చేతులు ఆగకపోతుండె.

ఇద్దరికీ అక్షరం రాదు. కథలంటె మాత్రం పానం! ఎండకాలం సెలవులల్ల నన్ను నడుమ కూసుండవెట్టి "సదువు బిడ్డా" అనేటోళ్లు. నేను ఊరి లైబ్రరీల నుంచి కథల బుక్కు తెచ్చి గట్టిగ సదువుతుంటి. అవ్వ చేతుల కట్ట నిండేదాక ఆపద్దు... గదీ లెక్క. నీళ్లు తాగాల్నన్నా కట్ట కావాలె! ఆపిన కాడ యాదికుండాలని పేజీల నడుమ ఒక తునికాకు ముక్క పెడుతుంటి.

బాపు మంచిర్యాలల పని చేస్తుండె. వారానికొకసారి ఇంటికొచ్చి "ఏం సదివిండే నీ కొడుకు?" అని అడిగితె... "చిన్న బుక్కు కాదు, పది కట్టల బుక్కు ఒడగొట్టిండు!" అని అవ్వ చెప్పేది. ఆమె మొఖం చూడాలె అప్పుడు... నేను ఏదో కలెక్టర్ అయినట్టు!

ఒకసారి రెండు భాగాల కథ ఒకటి దొరికింది. పడవల పోతున్న ఒక పిల్ల... నది నడుమ పడవకు బొక్క వడ్డది... నీళ్లు మోకాళ్ల దాక వచ్చినయి... గంతే, మొదటి భాగం ఖతం!

"అయ్యో, గిట్ల ఆపుతరా ఎవలన్న?" అని అవ్వ బీడీ వదిలేసింది. ఖాజాబీ ఖాలా అయితె "యా అల్లా, గా పోరికి ఈత వచ్చునో రాదో" అని ఒకటే పరేషాన్. "ఉర్కు బిడ్డా, రెండోది తే" అని నన్ను తరిమిండ్రు.

ఉరికిన. లైబ్రరీ సారు బల్ల కాడ కూసున్నడు. ఆయాసంతోని అడిగిన... "సార్, రెండోది ఎన్ని కట్టలుంటది?"

సారు కండ్లద్దాలు తీసిండు. "కట్టలా?"

"అవ్ సార్. మొదటిది ఏడు కట్టలల్ల అయిపోయింది."

ఇగ జూడుండ్రి... సారు నేను తెచ్చిన బుక్కు తెరిచిండు. తునికాకు ముక్కలు రాలినయి. ముక్కు కాడ పెట్టి చూసిండు... తంబాకు వాసన! నా అంగి పట్టి గుంజి వాసన చూసిండు... అండ్ల గూడ గదే!

"బొడ్డూడని పోరగాడివి... కట్టలు కట్టలు తాగుతున్నవారా? మీ ఇంటోళ్లను తోల్కరా. అప్పటిదాక బుక్కు లేదు!"

ఏడ్సుకుంట ఇంటికొచ్చి చెప్పిన. అవ్వకు నా ఏడుపు పట్టలే! "మరి బుక్కు?" అన్నది. లేదన్న. చాట కింద పెట్టింది, కొంగు దులిపింది, నడిచింది. ఎన్నడు లైబ్రరీ గడప తొక్కని మనిషి... నేరుగ బల్ల కాడికి పోయింది.

"సారూ, నా కొడుకు బీడీ తాగడు. చేసేదాన్ని నేను. కట్టలు నావి, సదువుడు వానిది. మీరు వాన్ని తర్వాత తిడుదురు గని... జర గా పిల్ల మునిగిందో బతికిందో చెప్పుండ్రి ముందు!"

సారు బిత్తరపోయిండు. తర్వాత సంగతి సమజై నవ్విండు చూడుండ్రి... బల్ల మీద తలపెట్టి నవ్విండు! లేచి పోయి రెండో భాగం తెచ్చి అవ్వ చేతులనే పెట్టిండు.

"నేను చెప్తె మజా ఏముంటదక్కా... తీస్కపో. ఆకు ముక్కలు మాత్రం పెట్టద్దు, కాయితం పెట్టుకోండ్రి."

ఆ పిల్ల బతికింది. ఈదుకుంట ఒడ్డుకు వచ్చింది. అవ్వ కండ్లు తుడుసుకొని "నాకు ముందే ఎర్క" అన్నది.

"ఎర్కుంటె లైబ్రరీకి ఎందుకు ఉరికినవే?" అన్నది ఖాజాబీ ఖాలా. ఇద్దరు పడీ పడీ నవ్విండ్రు...

ఇదంతా ఇయ్యాల ఎందుకు రాస్తున్న అంటె... మా బిడ్డ కరీంనగర్ల టీచరమ్మ. మొన్న ఇంటికొచ్చి నా ఫోన్ల ఒక యాప్ పెట్టింది. ఏ బుక్కు సదివినం, ఎన్ని పేజీలైనయి, ఇంకెంత ఉన్నది... అన్ని అండ్ల రాసుకోవాల్నట. "బాపూ, నెలకొక బుక్కు... ఇది నీ గోల్" అన్నది. ఏడో తరగతి కాడ ఆగినోన్ని, నాకు గోలేందమ్మా అని నవ్విన.

గని ఇయ్యాల పొద్దున... మొదటి బుక్కు ఒడిసింది! ఫోన్ల రంగు రంగుల కాయితాలు ఎగిరినయి! నా సంబురం ఏమని చెప్పాలె... గంతులొక్కటే తక్కువ. బిడ్డకు ఫోన్ జేసిన.

"అబ్బ బాపూ! నాది ఇంకా సగం గూడ కాలే... నువ్వే ముందున్నవ్" అన్నది.

"నువ్వు ఫికర్ జేయకు బిడ్డా, నీ కోసం ఆగుతా అనుకుంటున్నవా? రెండోది మొదలు పెట్టిన!" అన్న. బిడ్డ పెట్టిన గోల్ అందుకుంటా... నెలకొకటి కాదు, రెండు సదువుతా. రాసిపెట్టుకోండ్రి!

ఒక్కటే ముచ్చట మనసుల ఉన్నది... గిప్పుడు ఇంట్ల మనిషికొక బుక్కు, మనిషికొక మూల. అందరు మనసులనే సదువుకుంటుండ్రు. ఒకరు గొంతెత్తి సదువుతుంటె ఇల్లంతా చెవులు పెట్టుకొని విన్న రోజులు ఎటు పోయినయో...

మీ ఇంట్ల గట్టిగ సదివేటోళ్లు ఎవలుండిరి? వినేటోళ్లు ఎవలుండిరి? జర కింద రాయుండ్రి... నేను మా ఇంటోళ్లకు గట్టిగ సదివి వినిపిస్త.