సైరను మోగితే వెనక్కి నడిచినవాళ్ళు: రాజోలు దగ్గర రొయ్యల ప్లాంటులో ఒక రోజు

ఈ ప్రయాణానికి కారణం నేను సంతకం పెట్టని ఒక ఉత్తరం. ఎగుమతులు చేసే ఒక పెద్ద ఆహార కంపెనీలో, దాని ప్లాంట్లన్నిటిలోనూ పనివారి ఆరోగ్యం, భద్రత చూసే విభాగం నాది. ఆఫీసు విశాఖపట్నంలో. రాజోలు నుంచి అంతర్వేది వెళ్ళే దారిలో ఉన్న మా రొయ్యల ప్లాంటు నుంచి ఆ ఉత్తరం ముసాయిదా వచ్చింది. శీతల యంత్రాల నుంచి అమ్మోనియా లీకైతే ఎలా బయటపడాలో నేర్పే డ్రిల్లు జరిగినప్పుడు, ఆదిలక్ష్మి అనే కార్మికురాలు వరుసగా రెండుసార్లు బయటికి రాకుండా భవనం లోపలివైపు నడిచిందట. మూడోసారి కూడా అలాగే చేస్తే ఆమెను పని నుంచి తొలగిస్తామని అందులో రాసి ఉంది. కారణం దగ్గర ‘సూచనల పట్ల నిర్లక్ష్యం’ అని రెండే మాటలు. ప్రాణం కాపాడుకొమ్మని సైరను మోగుతుంటే ఒక మనిషి ప్రమాదం వైపు నడిచిందంటే, ఆ రెండు మాటలు నాకు సరిపోలేదు. మూడో డ్రిల్లుకు నేనే వస్తానని కబురు పెట్టాను.

ముందురోజు సాయంత్రం రైల్లో రాజమండ్రి చేరి, ఉదయం ఐదుంబావుకు ఆర్టీసీ కాంప్లెక్సులో రాజోలు బస్సెక్కాను. టికెట్టు నూటముప్పై లోపే. జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దాటి రావులపాలెం, అక్కడి నుంచి కొత్తపేట, ఆ తరవాత గన్నవరం అక్విడక్టు మీదుగా దారి. కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే ఎండ మొహాన పడదు. కొత్తపేటలో పలివెల గుడికి వెళ్ళే నలుగురు దిగారు, కొబ్బరిబోండాల గెల ఒకటి ఎక్కింది. అది ఎవరిదో కండక్టరు అడిగాడు, ఎవరూ ఒప్పుకోలేదు. ఏడూ నలభైకి రాజోలులో దిగాను. బస్టాండు ఎదురుగా పెసరట్టు ఉప్మా తిని, రోజంతటికీ పన్నెండు వందలకు ఒక ఆటో మాట్లాడుకున్నాను. కంపెనీ కారు పంపుతామన్నారు గాని, పనివాళ్ళు వచ్చే దారిలో, వాళ్ళు వచ్చే బండిలోనే వెళ్ళాలని నా పట్టుదల.

ఆటో నడిపే సత్తిబాబు గారు రోజూ ఆ ప్లాంటుకు ఆడవాళ్ళను చేరవేస్తారు. ఒక్కసారికి ఎంతమందిని ఎక్కిస్తారని అడిగాను.

“చట్టప్రకారం ముగ్గురేనండి. ఆయ్.”

“మరి లెక్కకు?”

“లెక్కకీ ముగ్గురేనండి. మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే ఎక్కేస్తారండి. ఎనిమిదిన్నరకి గేటేసేస్తే ఆ పూట జీతం పోద్ది కదండీ, దిగమంటే నన్నే దింపేసేలా ఉంటారండి.”

షిఫ్టు వేళను పావుగంట అటూ ఇటూ జరిపితే ఈ ఆటోల్లో రద్దీ కొంత తగ్గుతుందని నా పుస్తకంలో రాసుకున్నాను.

ప్లాంటు మేనేజరు రాజు గారు చాలా మర్యాదస్థులు. నేను కూర్చునేలోపే కొబ్బరినీళ్ళు వచ్చాయి. “మనం చెయ్యాల్సిందంతా చేసేం మేడంగారండీ. మైకులో చెప్పేం, గోడ మీద బొమ్మలేయించేం, సంతకాలు పెట్టించుకున్నాం. అర్థమైందా అంటే అందరూ ‘ఆయ్’ అన్నారండి. ఈవిడా అంది. తీరా సైరను మోగేసరికి లోపలికి పోద్ది. ఎందుకెళ్ళేవంటే, ‘నా పుస్తెలు లోపలున్నాయి’ అంటది. బంగారం కోసం ప్రాణం తీసుకుంటే రేపు సమాధానం చెప్పాల్సింది నేను కదండీ?” ఆయన కోపంలో భయం ఉంది. ఆ భయం సరైనదే. అమ్మోనియా కళ్ళను, ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. ఆ గాసు బాగా నిండిన గదిలోకి వెనక్కి వెళ్ళిన మనిషిని బయటికి తేవడానికి మరో మనిషిని పంపవలసి వస్తుంది.

డ్రిల్లు పదకొండింటికి. పనివాళ్ళకు వేళ తెలియనివ్వలేదు గాని, అగ్నిమాపక కేంద్రానికీ, పక్కనున్న ఊరికీ ముందే చెప్పించాను. అప్పటిదాకా ఆఫీసులో ఉండకుండా, షిఫ్టుకు వచ్చిన ఆడవాళ్ళతో కలిసి బట్టలు మార్చుకునే గదికి వెళ్ళాను. మగవారైన మేనేజరు గాని, భద్రతాధికారి గాని ఆ గదిలో ఎప్పుడూ అడుగుపెట్టలేదు, పెట్టే వీలూ లేదు. చీర మీద తెల్లకోటు, జుట్టుకు టోపీ, కాళ్ళకు రబ్బరు బూట్లు. రొయ్యల పెట్టెలో పూసగాని, వెంట్రుకగాని దొరికితే సరుకంతా వెనక్కి వస్తుంది కాబట్టి గాజులు, గొలుసులు, పుస్తెలు అన్నీ తీసి, నంబరు వేసిన చిన్న స్టీలు డబ్బాలో పెట్టి గోడకు ఆనించిన అరలో ఉంచాలి. పసుపుకొమ్ము కట్టిన తాడు కూడా కుదరదు. తలుపు దగ్గర ఒక కాపలా మనిషి ఉంటుంది. నా మెడలోదీ తీయమంది. తీశాను. అప్పుడే గోడకు చేయి ఆన్చి చూశాను. సన్నగా అదురుతోంది. గోడ అవతలే అమ్మోనియా కంప్రెసర్లు. మొత్తం భవనంలో సైరను మోగినప్పుడు ఎవరూ ఉండకూడని చోటు ఏదైనా ఉందంటే, అది ఆ గదే.

ఆదిలక్ష్మి గారికి నలభై దాటి ఉంటాయి. ఆమె పక్కనే నిలబడి రొయ్యలు ఒలవడానికి ప్రయత్నించాను. ఆమె పది ఒలిచేసరికి నాది ఒకటి అయ్యేది. “తవరు సంతకాలు పెట్టండమ్మా, రొయ్యలు మేం చూసుకుంటాం” అంది ఎదురు బల్ల దగ్గరున్న నాగమణి. అందరూ నవ్వారు.

సరిగ్గా పదకొండింటికి సైరను మోగింది. ఎక్కువమంది ఎడమవైపు అత్యవసర ద్వారం వైపు కదిలారు. ఆదిలక్ష్మి గారు కుడివైపు నడిచారు. ఆమె ఒక్కరే కాదు, మరో ఎనిమిది మంది కూడా బట్టల గదికి పరుగెత్తారు. వాళ్ళు వేగంగా వెళ్ళి వేగంగా వచ్చి గుంపులో కలిసిపోయేవారు గనుక ఇంతకు ముందు లెక్కలో పడలేదు. అందరూ గేటు పక్క మైదానంలో చేరేసరికి ఏడు నిమిషాలైంది. ఎందుకు వెనక్కి వెళ్ళారని రాజు గారు అడిగితే ఒకరు బూటు జారిందన్నారు, ఒకరు దారి తప్పేనన్నారు. తప్పయిపోయిందండీ, తప్పయిపోయిందండీ అని అందరూ తల దించుకున్నారు. ఆదిలక్ష్మి గారు మాత్రం దించలేదు.

“పుస్తెల కోసమే వెళ్ళేనండి. మా ఆయన వేటకెళ్ళేరు. సముద్రమ్మీద ఉన్నారు. ఆ మనిషి నీళ్ళ మీదుండగా నేను పుస్తెలు గాసులో వదిలేసి నా ప్రాణం దక్కించుకోనాండీ? కాపలా ఆవిడ కూడా మాతోపాటే బయటికొచ్చేస్తాదాయె. ఎవరు చూస్తారండి వాటిని?”

“చూసేరా మేడంగారూ, ఇదీ వరస” అన్నారు రాజు గారు.

“మేడంగారు మాత్రం?” అంది ఆదిలక్ష్మి. “సైరను మోగ్గానే మెడ తడుముకుని అటే రెండడుగులేసేరండి. నేను చూసేనండి.”

అందరూ నా వైపు తిరిగారు. ఆమె చూసింది నిజమే. ఏదీ తీసుకోకుండా బయటికి నడవమని ఇరవై రెండేళ్ళుగా ఇతరులకు నేర్పుతున్నదాన్ని. అయినా నా చేయి మెడ మీదికి వెళ్ళింది, కాలు కుడివైపు కదిలింది. “వేశానండి” అన్నాను. ముందు నాగమణి కిసుక్కున నవ్వింది, తరవాత రాజు గారికి కూడా నవ్వాగలేదు.

ఆ తరవాత ఎండలోనే నిలబడి మాట్లాడుకున్నాం. మనుషులు డబ్బాల వైపు వెళతారు కాబట్టి డబ్బాలనే గేటు పక్కనున్న సెక్యూరిటీ గదికి మార్చుదామని నేనన్నాను. మైదానం అక్కడే కనక, సైరను మోగితే పుస్తెల దారీ, ప్రాణాల దారీ ఒకటే అవుతుంది. ఒక్కటి పోయినా నింద గేటు మీద పడుతుందని రాజు గారు సందేహించారు. నాగమణి నన్ను చూసి, “మగ సెక్యూరిటీ ముందు మెడలో పుస్తెలు తియ్యమంటారాండీ? బాగా చెప్పేరు!” అంది. నాకు తట్టని విషయం. గదిని తెరతో రెండుగా చేసి, ఒక సగంలో కాపలా ఆడమనిషిని ఉంచాలనీ, తాళం ప్రతి షిఫ్టులోనూ కార్మికుల్లోంచే ఇద్దరి దగ్గర ఉండాలనీ చివరికి తేలింది. మధ్యాహ్నం క్యాంటీనులో పనసపొట్టు కూరతో భోజనాలయ్యేలోపు ట్రాలీ మీద అరలన్నీ గేటుకు చేరాయి. వడ్డిస్తున్న వంటాయన, “ఇదేదో మొదటే ఆ గదిలో చూసుంటే సరిపోయేది కదండీ” అని మరికాస్త కూర వేశారు.

మూడున్నరకు మళ్ళీ సైరను మోగించాం. ఈసారి కుడివైపు ఎవరూ వెళ్ళలేదు. మూడు నిమిషాల్లోపు అందరూ మైదానంలో ఉన్నారు. కాని అందరూ సెక్యూరిటీ గది కిటికీ ముందు గుంపుకట్టి గేటుకు అడ్డం పడ్డారు. అంబులెన్సు రావలసింది ఆ గేటులోంచే. అందువల్ల మనుషుల లెక్క పూర్తయ్యాకే డబ్బాలివ్వాలని మరో నియమం చేర్చాం. ఈ రెండోది అందరికీ తెలిసి జరిగింది గనుక దీన్ని పూర్తి రుజువుగా తీసుకోను. చెప్పకుండా మరొకటి జరపాలి.

ఐదింటికి ఆదిలక్ష్మి గారు నా ఆటోలోనే ఎక్కారు. ఆమెది అంతర్వేది పల్లిపాలెం. నేనూ సంగమం చూసి వెనక్కి మళ్ళాలనుకున్నాను. దారి పొడవునా ఆమె కొడుకు చదువు గురించీ, రొయ్యల చెరువుల ఉప్పునీటి గురించీ చెప్పారు. వశిష్ఠ సముద్రంలో కలిసేచోట దిగాక మాత్రమే అడిగారు.

“ఆ ఉత్తరం వస్తాదాండీ?”

“రాదమ్మా. బయల్దేరే ముందే రాజు గారు నా ఎదుటే కొట్టేశారు.”

“ఆయ్” అని కొంగు సర్దుకున్నారు. అప్పుడే ఒడ్డుకు చేరుతున్న రెండు బోట్లను కళ్ళు చిట్లించి చూసి, “మావి కాదండి. రేపొస్తారు” అని ఇంటివైపు నడిచారు.

రిపోర్టు తిరుగు బస్సులోనే రాశాను. వెనక్కి నడిచినవారి సంఖ్య దగ్గర తొమ్మిది అని రాసి, కొట్టేసి, పది చేశాను. పదో మనిషి హోదా కూడా రాశాను. మాట వినలేదని మనం అనే చాలా సందర్భాల్లో, ఆ మనిషి ఇంకా పెద్దదనుకున్న మరో మాట వింటూ ఉంటుంది. ఆదిలక్ష్మి గారి నమ్మకాన్ని మార్చడానికి నేను వెళ్ళలేదు, మార్చగలిగేదాన్నీ కాదు. మార్చగలిగింది ఒక అర ఉండే చోటు. మిగతా ఎనిమిది మంది మర్యాదగా తప్పయిందని తల దించుకుని ఊరుకున్నారు. దాచకుండా నడిచి, నిజం చెప్పినందుకు ఒక్క ఆమె పేరే కాగితం మీదికి ఎక్కింది. ఆమె కూడా ఊరుకుని ఉంటే, అసలు సైరను మోగిన రోజున ఆ గోడ పక్కన తొమ్మిది మంది ఉండేవారు.

ఇటువంటి పని మీద కోనసీమ వెళ్ళేవారికి ఒక్క సూచన: రాజోలుకు ఎనిమిది లోపే చేరేలా తొలి బస్సు పట్టుకోండి, ప్లాంటులో మేనేజరు గదికి ముందు పనివాళ్ళు బట్టలు మార్చుకునే గది చూడండి, మీరు వెళ్ళకూడని గదైతే, వెళ్ళగలిగిన మనిషిని వెంట తీసుకువెళ్ళండి.