పంటి కింద దారం

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ పార్లరమ్మే. అత్తగారి ఇంట్లో వీధివైపు గదిలో ఒక తిప్పుడు కుర్చీ, గోడకు అద్దం, వ్యాక్స్ కాచే హీటరు. అదే ఆమె కొట్టు. తలుపు తీసింది మొదలు ఆ కుర్చీకి ఊపిరి సలిపేది కాదు. చెయ్యి తిరిగిన మనిషి. ఆమె దారంతో కనుబొమ్మలు తీర్చిందంటే ఎంత కోపిష్టి మొహమైనా కాస్త మర్యాదగా కనబడేది. అన్నీ ఉన్నాయి, డబ్బే లేదు.

డబ్బు రాక కాదు. వచ్చింది వచ్చినట్టు అద్దం కింద సొరుగులో పడేది. పాలవాడు పిలిస్తే ఆ సొరుగే, పిల్లదాని ఫీజుకు ఆ సొరుగే, మొగుడి పెట్రోలుకూ ఆ సొరుగే. నెలాఖరున క్రీములు కొనడానికి చెయ్యి పెడితే కాస్త చిల్లర, నాలుగు తలపిన్నులు తగిలేవి. లెక్క రాసుకోవే తల్లీ అంటే అంతా బుర్రలో ఉందనేది. ఉన్నమాట నిజమే. కానీ అదే బుర్రలో పొయ్యి మీది కూర, పిల్లదాని దగ్గు, సాయంత్రం రాబోయే పెళ్ళికూతురు కూడా ఉన్నారు. ఇక లెక్క కూర్చునే చోటేది?

అలా నడుస్తుండగా ఒకనాడు అత్తగారు గుమ్మంలో కుర్చీ వేయించుకుని విషయం బయటపెట్టింది. సెల్‌ఫోన్ల తొడుగులు అమ్మే ఆసామి ఎవరో ఆ గది అడుగుతున్నాడట, నెలనెలా అద్దె చేతిలో పెడతానంటున్నాడట.

"వాడిచ్చేది నువ్విస్తే గది నీదే అమ్మాయ్. లేదంటావా, నెల తిరిగాక కుర్చీ తీసెయ్."

ఇల్లు ఆవిడది. మామగారు పోయాక ఆవిడ చేతిలో డబ్బు ఆడటం లేదు. మందుబిళ్ళకు కూడా కొడుకు ముందు చెయ్యి చాపాల్సి వస్తోంది. అది ఆవిడకు చావుతో సమానం. ఇన్నాళ్ళూ కోడలు కదా అని అద్దె ఊసెత్తలేదు. అందుచేత ఆవిడను గయ్యాళి అనడానికి వీల్లేదు, అనాలని ఎంత ఉన్నా.

పార్లరమ్మ ఏడవలేదు. గది పోతే సంచి భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగి పని చెయ్యాలి. పెళ్ళికి ముందు ఆ బతుకు బతికింది. ఎవరింటికి వెళ్తే వాళ్ళ స్టూలు మీద, వాళ్ళిచ్చిన వెలుతురులో, వాళ్ళకు తోచినంత. మళ్ళీ ఆ గడపలు ఎక్కకూడదని గట్టిగా అనుకుంది. వ్యాను నడిపే మొగుడు, అమ్మతో నేను మాట్లాడతాలే అన్నాడు. మాట్లాడొద్దంది.

మర్నాడే సొరుగుకు తాళం పడింది. వంటింట్లో వేరే డబ్బా వెలిసింది. కొట్టు డబ్బు కొట్టుకు, ఇంటి డబ్బు ఇంటికి. వారానికోసారి తనకు తనే జీతం ఇచ్చుకుని, ఇంటి ఖర్చంతా ఆ జీతంలోనే సరిపెట్టేది. యజమానురాలిని అడిగి జీతం పెంచుకోరాదూ అని మొగుడు వేళాకోళం చేశాడు. అడిగాను, పని చూసి చెప్తానంది అని జవాబిచ్చింది.

పుస్తకమూ పెట్టింది. మొదట్లో వ్యాక్స్ అంటిన చేతులతోనే రాయబోతే పేజీకి పేజీ అతుక్కుని చిరిగిపోయింది. ఆ వారం లెక్క దేవుడికే తెలియాలి. అప్పట్నుంచి చేతులు కడిగాకే పెన్సిలు, లెక్క రాశాకే ఇంకో మనిషి. ఎంత గొప్పావిడ వచ్చి తొందరపెట్టినా అంతే. వచ్చింది ఒకవైపు, పోయింది ఒకవైపు రాసేది. కొన్ని పనులు మాత్రం ఎటూ ఇమిడేవి కావు. దారం అరిగేది, క్రీము తరిగేది, చేతులు నొప్పెట్టేవి, డబ్బు వచ్చేది కాదు. వాటికి ఇంకో వరస గీసి, పైన 'ఊరికే' అని రాసింది.

ఆ మాట ఆడపడుచుది. మొగుడికి అక్క. పక్క వీధిలోనే కాపురం. వారంవారం వచ్చి ఊరికే కాస్త కనుబొమ్మలు సర్దమనేది. కుర్చీలో కూర్చున్నాక మొహానికి కూడా ఊరికే ఏదైనా రాయమనేది. ఒక్కోసారి స్నేహితురాలిని వెంటబెట్టుకొచ్చేది, ఆవిడకూ ఊరికే. ఎంత సుఖమైన మాటో చూడండి. పెద్ద పనేం కాదన్నట్టూ ఉంటుంది, డబ్బివ్వక్కర్లేదన్నట్టూ ఉంటుంది. నెల సగం దాటాక పార్లరమ్మ ఆ వరస కూడి చూసుకుంది. అద్దెకు తక్కువ పడుతున్నదంతా ఇంచుమించు అక్కడే ఉంది.

ఈసారి రాగానే చెప్పెయ్యాలనుకుంది. ఎలా చెప్పాలో అద్దం ముందు నిలబడి అనుకుని చూసుకుంది. తీరా ఆడపడుచు వచ్చి దర్జాగా కుర్చీలో వాలేసరికి, ధైర్యం చాలక దారం కొస నోట్లో పెట్టుకుంది. ఈ పనిలో చిక్కే అది. కొస పంటి కింద బిగిస్తే గాని దారం ఆడదు. దారం ఆడుతున్నంతసేపూ మాట ఆడదు. అలా ఎడమ కనుబొమ్మ పూర్తయిపోయింది. దారం నోట్లోంచి తీసి, ఇప్పుడు కూడా అనకపోతే గది వదులుకోవడమే అనుకుని అనేసింది.

"వదినా, ఈవేళ్టి నుంచి నీ దగ్గర కూడా డబ్బు తీసుకుంటాను. అందరికీ ఎంతో నీకూ అంతే."

ఆడపడుచు అద్దంలోకి చూసుకుంది. ఒకటి నెలవంక, ఒకటి గుబురు.

"సగం చేసి చెప్తున్నావా? ఎంత ఎత్తు వేశావే."

"ఎత్తు కాదు వదినా. నోట్లో దారం ఉంది."

"ఇంటి మనిషిని డబ్బు అడగడానికి నోరెలా వచ్చిందంట?"

"రాకే కదా ఇన్నాళ్ళూ అడగలేదు. నీకు వదిలేస్తున్నదంతా అత్తయ్యకి ఇవ్వాల్సిన అద్దే."

గుమ్మంలో కూర్చున్న అత్తగారు అంతవరకూ కూతురి తరఫున అందుకోవడానికి సిద్ధంగా ఉంది. ఈ మాట చెవిన పడగానే మొహం కూతురి వైపు తిప్పింది.

"అయితే ఇన్నాళ్ళూ నా అద్దె మొహానికి పూసుకు తిరుగుతున్నావన్నమాట. డబ్బిచ్చి రెండోది కూడా చేయించుకో. ఒక్కదానితో వెళ్తే అల్లుడు జడుసుకుంటాడు."

ఆడపడుచు పర్సు తీసి నోటు విసిరినట్టే పెట్టింది. పార్లరమ్మ దాన్ని సాపు చేసి సొరుగులో వేసి, రాసుకుని, అప్పుడు కుడి కనుబొమ్మ పట్టుకుంది. ఆ పైన ఆడపడుచు అలిగి కొన్నాళ్ళు రాలేదు. బజారులో ఇంకో పార్లరుకు వెళ్ళింది. అక్కడి ధర విన్నాక అలక తీరింది.

నెల తిరిగింది. అద్దెకు ఇంకా కాస్త తగ్గితే పార్లరమ్మ తన జీతంలో కోసి నింపింది. యజమానురాలు ఈ నెల బొత్తిగా దయలేకుండా ఉందని మొగుడితో చెప్పింది. నోట్లు అత్తగారి చేతిలో పెట్టి, పుస్తకం చాపి సంతకం పెట్టమంది. నా మీద నమ్మకం లేదా అని ఆవిడ ముటముటలాడింది. నమ్మకం ఉంది, లెక్కకు సంతకం కావాలి అంది కోడలు. ఆవిడ నోట్లు లెక్కపెట్టుకుని, కళ్ళజోడు తెప్పించుకుని, తన పేరు వంకరటింకరగా రాసింది.

అంతలో తొడుగుల ఆసామి అడ్వాన్సుతో గుమ్మంలోకి వచ్చాడు. గది ఖాళీ లేదయ్యా, అద్దెకున్నారు అంది ఆవిడ. అతను లోపలికి తొంగి చూసి, ఆవిడ మీ కోడలు కదండీ అన్నాడు.

"ఇంట్లో కోడలు. ఆ గదిలో అద్దెకున్న మనిషి."

లోపల కొత్తగా వచ్చినావిడ ఎవరో కుర్చీలో కూర్చుంటోంది. పార్లరమ్మ ఆవిడకు ముందు ధర చెబుతోంది.